తాళం వేసి దాచిన జోస్యం

ప్లేస్‌మెంట్ల కాలం మొదలయ్యేసరికి మన ఇంజినీరింగ్ కాలేజీల వాట్సాప్ గ్రూపుల్లో ఒకే వాక్యం చక్కర్లు కొడుతుంది. 'టెన్త్, ఇంటర్, బీటెక్ 60 శాతం త్రూఅవుట్, నో యాక్టివ్ బ్యాక్‌లాగ్స్.' 59.8 ఉన్నవాడు ఆ రోజు హాస్టల్లోనే ఉండిపోతాడు. 60.1 ఉన్నవాడు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, ఫ్రెండు దగ్గర అరువు తెచ్చుకున్న టై కట్టుకుని ఆప్టిట్యూడ్ టెస్టుకు వెళ్తాడు. ఈ ఇద్దరిలో ఎవరు మంచి ఉద్యోగి అవుతారో ఆ కాస్త తేడా చెబుతుందా అంటే ఏ ప్లేస్‌మెంట్ ఆఫీసరైనా నవ్వేస్తాడు. వెయ్యిమంది పిల్లలున్నప్పుడు ఎక్కడో ఒకచోట గీత గీయక తప్పదంటాడు. అదీ నిజమే.

అయితే ఆ గీత వెనకాల పెద్ద ప్రశ్న ఒకటుంది. ఒకే ఏడాది, ఒకే డిగ్రీతో బయటికొచ్చినవాళ్లలో పదిహేనేళ్లు తిరిగేసరికి ఒకరు డైరెక్టరు కుర్చీలో ఉంటారు, ఇంకొకరు చేరిన చోటే ఉంటారు. ఆ తేడా పట్టా పుచ్చుకున్న రోజునే మనిషిలో కనబడుతుందా? కనబడితే ఎక్కడ వెతకాలి? మార్కుల మెమోలోనా, తెలివిలోనా, స్వభావంలోనా, ఇంటిపేరులోనా? మనస్తత్వ శాస్త్రవేత్తలు నూరేళ్లుగా దీంతో కుస్తీ పడుతున్నారు. వాళ్లకు దొరికిన జవాబుల్లో కొన్ని మన కంపెనీలకు రుచించవు. కొన్ని మన అమ్మానాన్నలకు రుచించవు.

మొట్టమొదట ఓపిగ్గా లెక్కలు తీసిన సంస్థల్లో ఒకటి టెలిఫోన్ కంపెనీ. అమెరికాలో ఏటీ అండ్ టీ అంటే అప్పట్లో దేశం నలుమూలలా తీగలు పరిచిన మహాసంస్థ. కాలేజీలో ర్యాంకులు కొట్టేవాళ్లు పుస్తకాల పురుగులనీ, వ్యాపారానికి పనికిరారనీ ఆ రోజుల్లో గట్టి నమ్మకం ఉండేది. కంపెనీ అధ్యక్షుడు వాల్టర్ గిఫర్డ్ తన దగ్గర పనిచేస్తున్న 3,806 మంది పట్టభద్రుల వివరాలు తెప్పించి, కాలేజీలో వాళ్ల స్థానాన్నీ ప్రస్తుత జీతాన్నీ పక్కపక్కన పెట్టించాడు. ఫలితాన్ని 1928లో హార్పర్స్ మాసపత్రికలో రాశాడు. క్లాసులో ముందున్నవాళ్లే జీతంలోనూ ముందున్నారు. సర్వీసు పెరిగేకొద్దీ ఆ ఎడం తగ్గకపోగా పెరిగింది. 'మార్కులదేముంది' అనేవాళ్లకు అది గట్టి దెబ్బే.

కానీ ఆ పట్టికలో మినహాయింపులు కూడా లెక్కకు మిక్కిలి. ర్యాంకరు గుమస్తాగా మిగిలాడు, అత్తెసరు మార్కులవాడు పైకి దూసుకెళ్లాడు. కంపెనీకి అసలు తెలియాల్సింది ఈ మినహాయింపుల సంగతే. దానికోసం అదే సంస్థ 1956లో ఇంకో ప్రయోగం మొదలుపెట్టింది. మనుషుల మీద జరిగిన అధ్యయనాల్లో అంత నిజాయితీగా నడిచినవి తక్కువని నా అభిప్రాయం.

ఆ ప్రయోగంలో వాడిన పద్ధతి యుద్ధం నుంచి వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా గూఢచారి సంస్థ ఓఎస్ఎస్, శత్రుదేశాల్లో పనిచేయాల్సిన మనుషులను ఎంచుకోడానికి హార్వర్డ్ మనస్తత్వ శాస్త్రవేత్త హెన్రీ మరేను పిలిపించింది. వర్జీనియాలోని ఒక ఎస్టేటులో అభ్యర్థులను రోజుల తరబడి ఉంచి పరీక్షలు పెట్టేవారు. వాటిలో ఒకటి: చెక్క కర్రలు, దిమ్మెలు ఇచ్చి, అయిదడుగుల చట్రం పది నిమిషాల్లో బిగించమంటారు. 'నువ్వు చేత్తో ముట్టుకోవద్దు, ఈ ఇద్దరు పనివాళ్లతో చేయించు' అని చెబుతారు. ఆ ఇద్దరూ సంస్థ మనుషులే. వాళ్లలో కిప్పీ అనేవాడు చెప్పిందాకా కదలడు, చెప్పినా నింపాదిగా చేస్తాడు. బస్టర్ అనేవాడు ప్రతిదానికీ అడ్డం మాట్లాడతాడు, పనికిరాని సలహాలిస్తాడు, ఎదుటివాడి బలహీనత ఎక్కడుందో కనిపెట్టి అక్కడే పొడుస్తాడు. పది నిమిషాల్లో ఆ చట్రం పూర్తిచేసిన అభ్యర్థి ఒక్కడూ లేడు. పరీక్ష పెట్టినవాళ్లు చూసింది చట్రాన్ని కాదు. పని చెడుతున్నప్పుడు మనిషి ఎలా మారతాడో చూశారు.

ఈ తరహా పరీక్షలు మనకు మరీ కొత్తేం కాదు. సైనికాధికారులను ఎంపిక చేసే ఎస్ఎస్‌బీ బ్రిటిష్ యుద్ధకాలపు బోర్డుల వారసత్వమే. అయిదు రోజుల ఆ తతంగంలో గ్రూప్ డిస్కషన్, బొమ్మ చూపించి కథ రాయమనడం, తాళ్లూ పలకలూ ఇచ్చి గుంపుగా అడ్డంకి దాటమనడం కోరుకొండ సైనిక్ స్కూల్లో చదివిన పిల్లలకు కంఠతా వచ్చిన సంగతులు.

ఏటీ అండ్ టీలో ఈ పద్ధతిని వ్యాపారానికి మలిచినవాడు డగ్లస్ బ్రే అనే మనస్తత్వ శాస్త్రవేత్త. ఆరు టెలిఫోన్ కంపెనీల నుంచి 422 మంది యువకులను తీసుకున్నాడు. వాళ్లలో 274 మంది అప్పుడే కాలేజీ నుంచి వచ్చి మేనేజ్‌మెంటు మొదటి మెట్టు మీద చేరినవాళ్లు. మిగిలినవాళ్లు డిగ్రీ లేకుండా కింద నుంచి ఎదిగినవాళ్లు. పన్నెండు మందిని ఒక జట్టు చేసి మూడున్నర రోజులు ఒకచోట ఉంచి పరిశీలించారు.

అక్కడ పెట్టిన పరీక్షల్లో ఒకదాన్ని మాత్రం దగ్గరగా చూద్దాం. నువ్వు ఈ సీటుకు కొత్తగా వచ్చిన అధికారివి, పాత అధికారి వెళ్లిపోయాడు, ఇవిగో ఆయన టేబుల్ మీద మిగిలిన కాగితాలు అని ఒక కట్ట ఇస్తారు. అందులో పాతిక దాకా ఉంటాయి. ఒక కస్టమరు కోపంగా రాసిన ఉత్తరం, పై ఆఫీసు నుంచి వచ్చిన సర్క్యులరు, కింది ఉద్యోగి సెలవు చీటీ, ఇద్దరు సూపర్వైజర్ల కీచులాట, ఏ మాత్రం ప్రాముఖ్యం లేని ఆహ్వాన పత్రిక. మూడు గంటల టైము. ఎవరినీ అడగడానికి లేదు. ఒకతను పైనుంచి కిందికి వరసగా చదువుతూ ప్రతి కాగితానికీ పొడుగాటి జవాబు రాస్తాడు. టైము అయిపోయేసరికి సగం కట్ట అలాగే ఉంటుంది, అసలు అర్జెంటు కాగితం అడుగున పడి ఉంటుంది. ఇంకొకతను ముందు అన్నీ తిరగేసి, నాలుగు కుప్పలు చేసి, రెండు పనులు కిందివాళ్లకు అప్పజెప్పి, ఒకదాన్ని మాత్రం తేల్చకుండా 'ఈ సంగతి తెలుసుకున్నాకే నిర్ణయం' అని రాసి పక్కన పెడతాడు. తర్వాత పరిశీలకుడు ఎదురుగా కూర్చుని ఎందుకలా చేశావని అడుగుతాడు. మెమోలో అగుపించనిది ఇక్కడ అగుపిస్తుంది.

ఇలా సేకరించిన సమాచారంతో పరిశీలకులు ఒక్కొక్కరికీ పాతిక లక్షణాల మీద అంకెలు వేసి, చివర ఒక ప్రశ్నకు అవుననో కాదనో రాశారు: ఇతను పదేళ్లలో మధ్యశ్రేణి మేనేజరు అవుతాడా?

ఆ తర్వాత ఆ కాగితాలన్నీ తాళం వేసి దాచేశారు. అభ్యర్థికి చెప్పలేదు. అతని బాసుకు చెప్పలేదు. కంపెనీ పెద్దలకూ చూపించలేదు. ఈ అధ్యయనం గొప్పంతా ఆ తాళంలో ఉంది. 'ఈ అబ్బాయి పైకొస్తాడు' అని బాసు చెవిన పడితే చాలు, బాసే అతన్ని పైకి తెస్తాడు. జోస్యం నిజమైందని అందరం చంకలు గుద్దుకుంటాం. మన స్కూళ్లలో 'ఎ సెక్షన్' పిల్లలకు జరిగేది అదే.

1965లో తాళం తీసి చూశారు. అప్పటికి మధ్యశ్రేణికి చేరినవాళ్లు 55 మంది. వాళ్లలో 43 మందిని పరిశీలకులు ముందే సరిగ్గా గుర్తించారు. మొదటి మెట్టు దగ్గరే ఆగిపోయినవాళ్లు 73 మంది. వాళ్లలో 69 మంది విషయంలో అంచనా నిజమైంది. మూడున్నర రోజుల పరిచయంతో చెప్పిన జోస్యానికి ఇది మామూలు విజయం కాదు. పైకొచ్చినవాళ్లలో ముందునుంచీ కనిపించినవి ఇవి: నలుగురితో పని చేయించగల నేర్పు, పనుల్లో ముందు వెనకలు తెలిసి సర్దుకోవడం, ఎటూ తేలని పరిస్థితిలో కంగారు పడకపోవడం, పైమెట్టు మీద ఆశ, ఎవరూ చూడకపోయినా పని బాగుండాలనే పట్టింపు.

ఒక్క లోపం చెప్పాలి. ఆ 422 మందీ తెల్ల మగవాళ్లే. ఆడవాళ్లకు మేనేజ్‌మెంటు దారులు తెరవాలని 1973లో ప్రభుత్వంతో ఒప్పందం కుదిరాకే కంపెనీ వాళ్ల వైపు చూసింది. ఆ తర్వాత వెయ్యిమందికి పైగా మహిళలను ఇదే పద్ధతిలో అంచనా వేసి ఏడేళ్లు ఆగి చూస్తే, మగవాళ్ల విషయంలో పనిచేసినట్టే వాళ్ల విషయంలోనూ పనిచేసింది. అంటే తేడా మనుషుల్లో లేదు. తలుపు మూసి ఉండటంలో ఉంది.

ఇంతకంటే ముఖ్యమైన సంగతి ఇంకొకటి ఆ సంస్థలోనే బయటపడింది. డేవిడ్ బెర్లూ, డగ్లస్ హాల్ అనే ఇద్దరు పరిశోధకులు 62 మంది కొత్త ఉద్యోగుల తొలి సంవత్సరాలను తవ్వి తీసి 1966లో ప్రచురించారు. మొదటి ఏడాదిలో కంపెనీ ఎవరి నుంచి ఎక్కువ ఆశించిందో, ఎవరికి కష్టమైన, బాధ్యత ఉన్న పని అప్పజెప్పిందో వాళ్లే కొన్నేళ్ల తర్వాత ముందున్నారు. బ్రే అధ్యయనంలోనూ అదే వరస. పైకొస్తాడని అంచనా వేసినవాడికి చప్పటి పని, చేతకాని బాసు దొరికితే వాడు అక్కడే చతికిలపడ్డాడు. రాడని అనుకున్నవాళ్లలోనూ గట్టి పని దొరికినవాళ్లు అంచనాలను తలకిందులు చేశారు. పట్టభద్రుడిలో ఏముందో పరీక్ష చెబుతుంది. దాన్ని నిద్రలేపాలా, నిద్రపుచ్చాలా అన్నది తొలి ఉద్యోగం చేతిలో ఉంటుంది.

ఇక అంకెల్లోకి వెళ్దాం. పరిశోధకులు సహసంబంధం అనే కొలత వాడతారు. సున్నా అంటే రెండింటికీ పొంతనే లేదు, ఒకటి అంటే ఒకదాన్నిబట్టి రెండోది కచ్చితంగా చెప్పేయొచ్చు. 0.3, 0.5 లాంటి అంకెలు చూస్తే మనకేం తట్టదు కాబట్టి ఇంకోలా చెప్పుకుందాం. వెయ్యిమంది పట్టభద్రులను ఒక పరీక్ష ప్రకారం పైసగం, కిందిసగం అని విడదీద్దాం. ఉద్యోగంలో చేరాక పనితీరు ప్రకారం కూడా అలాగే విడదీద్దాం. పరీక్షకూ పనికీ సంబంధం లేకపోతే, పరీక్షలో పైసగంలో ఉన్న ప్రతి వందమందిలో 50 మంది పనిలోనూ పైసగంలో ఉంటారు. అది బొమ్మాబొరుసు. సహసంబంధం 0.3 అయితే ఆ 50 కాస్తా 60 అవుతుంది. 0.5 అయితే 67. ఏ మానవ పరీక్షా దీనికి మించి పెద్దగా పోలేదు. కాబట్టి 'ఈ టెస్టుతో మీ అబ్బాయి భవిష్యత్తు చెప్పేస్తాం' అని ఎవరైనా ఫీజు అడిగితే జేబు పట్టుకోండి.

1998లో ఫ్రాంక్ ష్మిట్, జాన్ హంటర్ 85 ఏళ్ల పరిశోధనలను గుదిగుచ్చి, 19 రకాల ఎంపిక పద్ధతులను తూచారు. తార్కిక బుద్ధి పరీక్షకు 0.51 వచ్చింది. అసలు పనిలోంచి ఒక ముక్క ఇచ్చి చేయించి చూడటానికి 0.54. ఎన్నేళ్లు చదివారన్నదానికి 0.10 మాత్రమే. చేతిరాత చూసి మనిషిని చెప్పే విద్య 0.02 దగ్గర చతికిలబడింది. జాతకాన్ని వాళ్లు పరీక్షించలేదు గాని, పరీక్షించి ఉంటే ఎక్కడ నిలిచేదో ఊహించుకోవచ్చు.

పాతికేళ్లపాటు ఈ పట్టిక హెచ్‌ఆర్ పాఠాల్లో శాసనంలా చెలామణీ అయింది. 2022లో పాల్ సాకెట్ బృందం దాని పునాదిని తవ్వింది. ఎందుకు తవ్వాల్సి వచ్చిందో అర్థమైతే 'మార్కులకు విలువ ఉందా లేదా' అన్న మన ఇళ్ల వాదన సగం తేలిపోతుంది.

ఒక కంపెనీ 85 శాతం దాటినవాళ్లనే తీసుకుంటుందనుకోండి. లోపలికి వచ్చినవాళ్లందరూ 85కూ 95కూ మధ్యే ఉంటారు. ఆ పది శాతం ఇరుకులో మార్కులకూ పనితీరుకూ సంబంధం వెతికితే ఏం దొరుకుతుంది? దాదాపు ఏమీ దొరకదు. అప్పుడు కంపెనీ 'మా అనుభవంలో మార్కులకు అర్థం లేదు' అని ప్రకటిస్తుంది. మార్కులు చేయాల్సిన పని గేటు దగ్గరే చేసేశాయన్న సంగతి మరిచిపోతుంది. 55 శాతం వాళ్లను కూడా లోపలికి రానిచ్చి ఉంటే గదా తెలిసేది. 2013లో గూగుల్ నియామకాల పెద్ద లాస్లో బాక్, అప్పుడే కాలేజీ నుంచి వచ్చినవాళ్ల విషయంలో తప్ప గ్రేడ్లు తమకు ఏమీ చెప్పడం లేదన్నప్పుడు ప్రపంచమంతా చప్పట్లు కొట్టింది. ఆ కంపెనీ గేటు ఎంత ఇరుకో చాలామంది గమనించలేదు. మన దగ్గర ఐఐటీ సీటు వచ్చినవాళ్ల జేఈఈ ర్యాంకులతో వాళ్ల తర్వాతి జీవితాన్ని పోల్చి 'ర్యాంకుదేముంది' అనేవాళ్లదీ ఇదే పొరపాటు.

ఈ ఇరుకును సరిచేయడానికి పరిశోధకులు లెక్కలో దిద్దుబాటు చేస్తారు. బయట ఉండిపోయినవాళ్లు కూడా ఉంటే అంకె ఎంత ఉండేదో అంచనా కట్టి పెంచుతారు. పాతవాళ్లు మోతాదు మించి పెంచేశారని సాకెట్ బృందం చూపించింది. సరిచేసిన పట్టికలో బుద్ధి పరీక్ష 0.51 నుంచి 0.31కి దిగింది. పని చేయించి చూడటం 0.33కి వచ్చింది. అందరికంటే పైన నిలిచింది ముందే రాసుకున్న ప్రశ్నలను అందరినీ ఒకేలా అడిగి, జవాబులకు ముందే అనుకున్న కొలతతో మార్కులు వేసే ఇంటర్వ్యూ: 0.42. ఆ పని గురించి ఎంత తెలుసో అడిగే పరీక్ష 0.40తో దాని వెనకే ఉంది. 'టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్'తో మొదలై, మీదే ఊరు, నాన్నగారేం చేస్తారు, క్రికెట్ చూస్తారా అంటూ గాలివాటంగా సాగే ఇంటర్వ్యూ 0.19 దగ్గర ఉంది. అంటే ఇందాకటి లెక్కలో వందకు 56.

ఈ గాలివాటం ఇంటర్వ్యూ మీద నాకు కాస్త ఎక్కువ కోపమే ఉంది, దానికి ఆధారమూ ఉంది. జేసన్ డానా, రాబిన్ డాస్ బృందం 2013లో ఒక ప్రయోగం ప్రచురించింది. విద్యార్థులతో ఇంకొందరు విద్యార్థులను ఇంటర్వ్యూ చేయించి, వాళ్లకు రాబోయే సెమిస్టరులో ఎన్ని మార్కులొస్తాయో చెప్పమన్నారు. కొన్ని ఇంటర్వ్యూల్లో జవాబులు ఇచ్చేవాళ్లకు ఒక రహస్య సూత్రం నేర్పారు. ప్రశ్నలోని చివరి మాటల మొదటి అక్షరాన్నిబట్టి అవుననో కాదనో చెప్పాలి, నిజంతో నిమిత్తం లేదు. అంటే ఆ జవాబులు ఉత్తుత్తివి. ఇంటర్వ్యూ చేసినవాళ్లు కనిపెట్టలేకపోయారు. పైగా మనిషి బాగా అర్థమయ్యాడని నమ్మారు. పాత మార్కులు ఒక్కటే చూసి చెబితే వచ్చే అంచనా కంటే ఇంటర్వ్యూ కూడా చేసి చెప్పిన అంచనా అధ్వాన్నంగా తేలింది. మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుంటే లోపల ఏముందో తెలిసిపోతుందన్న నమ్మకం అంత మొండిది.

మరి గ్రేడ్ల సంగతి? గేటు లెక్కలన్నీ సరిచేశాక 1996లో ఫిలిప్ రాత్ బృందం తేల్చింది గ్రేడ్లకూ ఉద్యోగ పనితీరుకూ సంబంధం సుమారు 0.3 అని. ఉందిగాని మహా గొప్పది కాదు. అందులోనూ చేరిన మొదటి ఏడాదిలో స్పష్టంగా కనిపించి, ఏళ్లు గడిచేకొద్దీ పలచబడింది. అలాంటప్పుడు గిఫర్డ్ పట్టికలో జీతాల ఎడం ఎందుకు పెరిగింది? జీతం, పనితీరు ఒకటి కావు గనక. మంచి మార్కులతో మంచి సీటులో చేరినవాడికి తర్వాతి ఇంక్రిమెంటు ఆ సీటు మీదే లెక్కగడతారు. మొదటి మెట్టు తేడా వడ్డీతో సహా పెరుగుతూ పోతుంది.

మన కటాఫ్‌కు ఇంకో చిక్కు కూడా ఉంది. జేఎన్‌టీయూ పేపరు రాసి తెచ్చుకున్న 60కీ, సొంతంగా పేపరు తయారుచేసుకునే అటానమస్ కాలేజీలో వచ్చిన 60కీ తూకం ఒకటి కాదు. రెండింటి మీదా ఒకే గీత గీస్తున్నాం.

తెలివి, మార్కుల తర్వాత స్వభావం. మరీ బారెడు జాబితాలు చెప్పను. మరే బరిక్, మైఖేల్ మౌంట్ 1991లో తేల్చినట్టు, అన్ని రకాల ఉద్యోగాల్లోనూ ఎంతోకొంత పనికొచ్చే గుణం ఒకటే: పనిమీద శ్రద్ధ. మాటిచ్చిన టైముకు పని పూర్తిచేయడం, చెప్పకపోయినా సరిచూసుకోవడం. కలుపుగోలుతనం సేల్స్‌లోనూ మేనేజరు ఉద్యోగాల్లోనూ కలిసొస్తుంది, మిగతా చోట్ల అంతగా కాదు. అందరికీ నచ్చే గుణమైన మెతకతనం మాత్రం జీతం దగ్గర దెబ్బ తీస్తుంది. ముఖ్యంగా మగవాళ్లలో గట్టిగా అడగలేనివాళ్లు అదే పనికి తక్కువ తెచ్చుకుంటున్నారని తిమోతీ జడ్జ్ బృందం 2012లో చూపించింది. నోట్లో నాలుక లేనివాడని మనవాళ్లు ఊరికే అనలేదు.

తనమీద తనకున్న నమ్మకం కూడా లెక్కకొస్తుంది. జర్మనీలో ఆండ్రియా ఆబెలె, డానియెల్ స్పుర్క్ 734 మంది పట్టభద్రులను డిగ్రీ చేతికొచ్చిన వెంటనే, మూడేళ్ల తర్వాత, ఏడేళ్ల తర్వాత పలకరించారు. 'నా రంగంలో వచ్చే పనులను నేను చేయగలను' అని మొదట్లోనే గట్టిగా అన్నవాళ్లకు మూడేళ్లకు జీతమూ హోదా రెండూ ఎక్కువున్నాయి. ఏడేళ్లకు తృప్తి కూడా ఎక్కువుంది. ఆ నమ్మకం ఎక్కడినుంచి వస్తుందన్నదే పేచీ.

1921లో స్టాన్‌ఫర్డ్‌లో లూయిస్ టెర్మన్ కాలిఫోర్నియా పిల్లల్లో మహా తెలివైనవాళ్లను పదిహేను వందల మందికి పైగా ఏరి, జీవితాంతం వెంటాడాడు. ఆ జల్లెడలోంచి జారిపోయిన ఇద్దరు పిల్లలు, విలియం షాక్లీ, లూయిస్ ఆల్వరెజ్, తర్వాత భౌతికశాస్త్రంలో నోబెల్ తెచ్చుకున్నారు. ఈ కథ అందరూ చెబుతారు. అంతకంటే ఆసక్తికరమైంది లోపలివాళ్ల సంగతి. పెద్దయ్యాక బాగా ఎదిగినవాళ్లనూ వెనకబడ్డవాళ్లనూ పక్కపక్కన పెట్టి చూస్తే చిన్నప్పటి ఐక్యూలో చెప్పుకోదగ్గ తేడా లేదు. పట్టుదలలో, ఆత్మవిశ్వాసంలో ఉంది. తండ్రుల చదువులో కూడా ఉంది. ఎదిగినవాళ్ల ఇళ్లలో కాలేజీ చదివిన తండ్రులు చాలా ఎక్కువ. మనం వ్యక్తి గుణమని ముద్ర వేసేదాంట్లో ఇల్లు ఇచ్చింది ఎంతో విడదీయడం అంత తేలిక కాదు.

అన్నిటిలో సమానమైన ఇద్దరు పట్టభద్రుల మధ్య పేరు ఒక్కటే తేడా అయితే? సుఖదేవ్ థోరట్, పాల్ ఆట్వెల్ సరిగ్గా ఇదే పరీక్షించారు. ఇంగ్లిష్ పత్రికల్లో ప్రైవేటు కంపెనీల ప్రకటనలకు ఒకే అర్హతలతో, వేర్వేరు కులమతాలు తెలిసేలా పేర్లు పెట్టి దరఖాస్తులు పంపారు. 2007లో ఎకనమిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో వచ్చిన ఫలితం ప్రకారం, అగ్రకుల హిందూ పేరుతో పోలిస్తే దళిత పేరుకు పిలుపు వచ్చే అవకాశం మూడింట రెండు వంతులు, ముస్లిం పేరుకు మూడింట ఒక వంతు. వీళ్లెవరూ ఇంటర్వ్యూ గుమ్మం కూడా తొక్కలేదు. తెలివి, శ్రద్ధ, నమ్మకం చూపించుకునే అవకాశం రాకముందే లెక్క తేలిపోయింది. కెరీర్ విజయం గురించి రాసే పుస్తకాలు ఈ భాగాన్ని ఎందుకో దాటేస్తాయి.

కాలం కూడా ఒక పాత్రధారే. కెనడాలో ఫిలిప్ ఒరియోపూలోస్ బృందం పట్టభద్రుల సంపాదనను ఏళ్ల తరబడి వెంబడించి, మాంద్యం నాడు డిగ్రీ పుచ్చుకున్నవాళ్లు మొదట్లో సుమారు 9 శాతం తక్కువ సంపాదించారని, ఆ లోటు పూడడానికి దాదాపు పదేళ్లు పట్టిందని 2012లో లెక్క తేల్చింది. 2009 బ్యాచ్ బీటెక్ వాళ్లను ఎవరినైనా అడగండి. ఆఫర్ లెటరు చేతిలో పెట్టుకుని జాయినింగ్ డేటు కోసం అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో కాలక్షేపం చేసిన కథలు చెబుతారు. వాళ్లు 2007 బ్యాచ్ కంటే తెలివి తక్కువవాళ్లేమీ కాదు.

పేరున్న కాలేజీ మాటేమిటి? స్టేసీ డేల్, అలన్ క్రూగర్ 2002లో అమెరికా విద్యార్థులను పోల్చారు. ఒకే రకం కాలేజీల్లో సీటు వచ్చిన ఇద్దరిలో ఒకరు గొప్ప కాలేజీలో చేరారు, ఇంకొకరు మామూలు దాంట్లో చేరారు. సగటున జీతాల్లో తేడా కనబడలేదు. పేద కుటుంబాల పిల్లలకు మాత్రం గొప్ప కాలేజీ నిజంగా కలిసొచ్చింది. ఆ పరిచయాలు, ఆ మాటతీరు, ఆ దారులు ఇంట్లో లేనివాళ్లకే కాలేజీ ఇస్తుంది కాబోలు.

విజయం అంటే ఏమిటన్నది కూడా ఒకటే కొలత కాదు. థామస్ ఎంగ్ బృందం 2005లో ఎన్నో పరిశోధనలను కలిపి చూస్తే, జీతాన్ని ఎక్కువగా చెప్పేవి చదువు, అనుభవం లాంటివి. ఉద్యోగంలో తృప్తిని ఎక్కువగా చెప్పేవి స్వభావమూ, వెనక ఉండి చేయూతనిచ్చే పెద్దలూ. ఏటీ అండ్ టీ మనుషుల్లోనూ పైమెట్లెక్కినవాళ్లు కిందివాళ్ల కంటే సంతోషంగా ఉన్నారని తేలలేదు. ప్యాకేజీ అంకె చూసి అల్లుణ్ని వెతికే మామగార్లు ఈ సంగతి గమనించాలి.

ఇప్పుడు చేయాల్సింది ఏమిటో చెప్పడానికి నోబెల్ అక్కర్లేదు. కంపెనీలు కటాఫ్‌ను గుంపు తగ్గించుకునే పనికే వాడుకోవాలి, తీర్పుగా వాడకూడదు. గీతకు దగ్గర్లో ఉన్నవాళ్లను ఒక గంట అసలు పనిలో కూర్చోబెట్టి చూడాలి. ఇంటర్వ్యూలో అందరికీ ఒకే ప్రశ్నలు, ఒకే కొలత ఉండాలి. రెజ్యూమే మొదటి వడపోతలో పేరూ ఊరూ కప్పేయాలి. ఇవేవీ ఖరీదైన పనులు కావు. కాలేజీలు కూడా జామ్ (జస్ట్ ఎ మినిట్) సెషన్లలో ఇంగ్లిష్‌ను పద్యాల్లా బట్టీ పట్టించే బదులు, ఏటీ అండ్ టీ పెట్టిన కాగితాల కట్ట లాంటి అభ్యాసాలు నెలకొకటి పెట్టొచ్చు.

ఈ సీజన్‌లో ఇంటర్వ్యూకు వెళ్తున్న అమ్మాయిలకూ అబ్బాయిలకూ ఒక్క మాట. చివర్లో హెచ్‌ఆర్ 'ఎనీ క్వశ్చన్స్?' అంటే 'నో సార్' అని లేచి రాకండి. మొదటి ఆరు నెలలు నాతో ఏం పని చేయిస్తారు, నా మొదటి మేనేజరు ఎవరు, పోయినేడు మా కాలేజీ నుంచి చేరినవాళ్లు ఇప్పుడు ఏం చేస్తున్నారు అని అడగండి. రెండు ఆఫర్లు చేతిలో ఉంటే లక్ష రూపాయల తేడా కంటే ఈ మూడు జవాబులను ముందు చూడండి.